వరంగల్ చలికాలంలో ఇంటి పాలీహౌస్: మూయాలా, తెరవాలా?

హసన్‌పర్తి పెరడు (హనుమకొండ జిల్లా), అక్టోబరు 3

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత హసన్‌పర్తి దగ్గర మాకున్న అయిదు గుంటల స్థలంలో ఇల్లు కట్టుకొని, ఇంటి వెనుక నిరుడు 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవుతో చిన్న పాలీహౌస్ వేయించాను. పైకప్పుకు 200 మైక్రాన్ల పాలీషీటు, నాలుగు వైపులా అదే షీటు, రాకపోకలకు ఒక్క తలుపు. మంచు దేశాల వాళ్లు గాజు ఇళ్లలో కూరగాయలు పండించే వీడియోలు చూసి, చలికాలంలో మూసి ఉంచితే పంట బాగా వస్తుందనుకున్నాను.

గోబీ 60 మొక్కలు, క్యాబేజీ 40, రెండు సాళ్లు టమాటా, ఒక మడి క్యారెట్ పెట్టాను. గోబీ పువ్వు నిమ్మకాయంత అయి ఆగిపోయింది. టమాటా ఆకులు కింది నుంచి నల్లబడుతూ పైకి ఎండిపోయాయి. ఉదయం ఆరింటికి తలుపు తీసి లోపలికి వెళితే కళ్లద్దాలు మసకబారేవి, షీటు నుంచి నీటి చుక్కలు మెడ మీద పడేవి. జనవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు థర్మామీటరు బయట 29, లోపల 41 డిగ్రీలు చూపింది. అదే రాత్రి మూడింటికి లేచి టార్చిలైటు వేసి చూస్తే బయట 13, లోపల 14. ఈ ఒక్క డిగ్రీ కోసమా ఇంత ఖర్చు పెట్టారని మా ఇంటావిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఈ ఏడు మళ్లీ విత్తనాలు తెచ్చి పెట్టుకున్నాను. నాలుగు వైపులా షీటు ఉంచాలా, తీసేయాలా, అసలు నా తప్పు ఎక్కడుందో పెద్దలు చెప్పగలరు.

పొలాస దారి (జగిత్యాల), అక్టోబరు 3

గారూ, మీ థర్మామీటరే మీకు జవాబు చెప్పింది. మీరు చూసిన వీడియోల దేశాల్లో చలికాలంలో పగలు ఎనిమిది, తొమ్మిది గంటలకు మించదు, పొద్దు నడినెత్తికి ఏనాడూ రాదు. పగటి వెలుతురు పది గంటలకు తగ్గితే మొక్క ఎదుగుదల దాదాపు నిలిచిపోతుందని అక్కడి రైతులు లెక్క వేసుకుంటారు. మన వరంగల్ 18వ అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న కూడా మనకు పగలు 11 గంటలు ఉంటుంది, మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే వాళ్లు దేనికోసం గాజు ఇల్లు కట్టుకుంటారో ఆ ఎండ మనకు ఉచితంగా, కావలసిన దానికంటే ఎక్కువగానే దొరుకుతోంది. దాన్ని మూసిన షీటు కింద బంధిస్తే మీ గోబీకి జనవరిలోనే ఏప్రిల్ వచ్చినట్టు అయింది.

రాత్రి సంగతి కూడా చెప్పాలి. పలుచని పాలీషీటు ఎండను లోపలికి రానిస్తుంది గాని, నేల నుంచి రాత్రిపూట పైకి పోయే వేడిని గాజు ఆపినంతగా ఆపలేదు. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి లోపలికీ బయటికీ ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా రాదు. కాబట్టి షీటు మూసి మీరు రాత్రికి సంపాదించింది ఒక డిగ్రీ, దానికి కట్టిన వెల పగటికి పన్నెండు డిగ్రీలు. ఆపైన మొక్కలు వదిలిన తేమ బయటికి పోలేక షీటుకు పట్టి, తెల్లవారేసరికి చుక్కలై ఆకుల మీద పడుతుంది. ఆకు గంటల తరబడి తడిగా ఉంటే టమాటాకు ఆకుమాడు తెగులు రాకుండా ఎట్లా ఉంటుంది?

పైకప్పు షీటు ఉంచండి, అది అకాల వానను, మంచును ఆపుతుంది. రెండు పొడవు వైపులా నేల నుంచి ఒక అడుగు వదిలి, ఆపైన నాలుగు అడుగుల మేర షీటు తీసి 40 మెష్ (అంగుళానికి 40 కళ్లుండే) దోమతెర బిగించండి. గాలి ఆడే ఖాళీ, నేల విస్తీర్ణంలో కనీసం అయిదో వంతు ఉండాలని లెక్క. మీది 800 చదరపు అడుగులు కనుక 160 చాలు, మీకు 320 వస్తుంది. దోమతెర గాలిని బాగా తగ్గిస్తుంది కాబట్టి ఆ రెట్టింపు దండగ కాదు. అలాగే ముందూ వెనుకా పైన త్రికోణంగా ఉన్న భాగాల్లో కూడా షీటు బదులు తెర వేయండి. వేడిగాలి పైకి పోతుంది, దానికి పైన దారి లేకపోతే పక్కలు ఎంత తెరిచినా సగం పనే అవుతుంది.

గోండు గడ్డ (ఆదిలాబాద్), అక్టోబరు 4

పై మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వరంగల్, జగిత్యాలకు సరిపోయిన సలహాను మొత్తం ఉత్తర తెలంగాణకు వర్తింపజేయకూడదు. మా ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీలకు దిగుతాయి. ఆ రాత్రుల్లో టమాటా, బెంగుళూరు మిర్చి పూత నిలవదు, ఆకు ఊదా రంగుకు తిరుగుతుంది. నేను సాయంత్రం అయిదింటికి పక్కలకు షీటు దించి, ఉదయం ఎనిమిదిన్నరకు ఎత్తుతాను. గొట్టానికి షీటు చుట్టి పిడి తిప్పితే పైకి లేచే ఏర్పాటు చేయించుకున్నాను, రెండు నిమిషాల పని.

ఇంకొకటి. ఉత్తరం గోడ వెంట నల్లరంగు వేసిన 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములు ఆరు పెట్టాను. పగలు కాగిన నీళ్లు రాత్రి మెల్లగా వేడి వదులుతాయి. ఒక డ్రమ్ము 10 డిగ్రీలు చల్లబడితే దాదాపు 2.3 యూనిట్ల కరెంటు హీటరు ఇచ్చినంత వేడి వస్తుంది. ఆ నీళ్లే పొద్దున మొక్కలకు పెడతాను, బోరు నీళ్ల కంటే మొక్కకు అవే మేలు.

పొలాస దారి (జగిత్యాల), అక్టోబరు 4

ఆదిలాబాద్ గారి సవరణను ఒప్పుకుంటున్నాను. అయితే వారు కూడా పగలు తెరిచే ఉంచుతున్నారని హసన్‌పర్తి గారు గమనించాలి.

కాజీపేట నారుమడి (హనుమకొండ జిల్లా), అక్టోబరు 5

నేను పదకొండేళ్లుగా ఇంట్లో నారు పోసి చుట్టుపక్కల వాళ్లకు ఇస్తున్నాను. గోబీ గురించి ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అన్నగారి గోబీ చెడిపోవడానికి వేడి ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఏ రకం పెట్టారు, ఎన్ని రోజుల నారు నాటారు?

గోబీలో ఒక్కొక్క రకం ఒక్కొక్క చలికి పువ్వు కడుతుంది. పూసా దీపాలి వంటి తొందర రకాలు 20 నుంచి 27 డిగ్రీల్లోనే పువ్వు వేస్తాయి, స్నోబాల్ వంటి ఆలస్య రకాలకు 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కొన్ని వారాల పాటు కావాలి. స్నోబాల్ విత్తనం కొని మన దగ్గర పెడితే ఆకులు గొడుగులా పెరుగుతాయి గాని పువ్వు రాదు. తొందర రకాన్ని డిసెంబరులో నాటితే దానికి భిన్నంగా, మొక్క ఎదగకముందే చలి తగిలి గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. ముదిరిన నారు నాటినా, నత్రజని అందకపోయినా ఫలితం అదే. నిమ్మకాయంత అన్నారు కాబట్టి ముదురు నారు మీదే నా అనుమానం.

నా పద్ధతి చెబుతాను. 98 గుంతల ప్రోట్రేలలో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు) కడిగిన కొబ్బరిపొట్టు మూడు పాళ్లు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు కలిపి నింపుతాను. గుంతకు ఒక్క గింజ, అర సెంటీమీటరు లోతు. మొలక కనపడే దాకా ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి కప్పి ఉంచి, మూడో రోజు నుంచి తీసి చూస్తుంటాను. ఒక్క తెల్ల మొలక లేచినా ఆ పూటే అన్నీ విడదీసి వెలుతురులో పెట్టాలి. మరునాటికి వాయిదా వేస్తే మొలకలు దారంలా సాగి పడిపోతాయి. నీళ్లు పొద్దున పూటే, సాయంత్రానికి పైపొర ఆరి ఉండాలి. నారుకుళ్లు తెగులుకు దీనికి మించిన మందు నేను చూడలేదు. ఒకవేళ అక్కడక్కడ మొదలు దగ్గర నొక్కుకుపోయి నారు వాలిపోతే, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి.

25 రోజుల నారు, నాలుగైదు ఆకులు, మొక్క పైకి లాగితే వేళ్లతో సహా గుంత ఆకారంలో ముద్దగా రావాలి. ఆ వేళ్లు తెల్లగా ఉంటే నాటండి. గోధుమ రంగుకు తిరిగి చుట్లు చుట్టుకొని ఉంటే ఎంత ప్రేమ ఉన్నా పారేయండి. ఇప్పుడు పోస్తే మీకు స్వాతి కార్తెలో నాటుకు వస్తుంది.

హసన్‌పర్తి పెరడు, అక్టోబరు 5

చెల్లెమ్మగారి అనుమానం నూటికి నూరుపాళ్లు నిజం. నారు నేను పోయలేదు, డిసెంబరు రెండో వారంలో బస్టాండు దగ్గర కట్టలుగా అమ్ముతుంటే కొన్నాను. రకం పేరు అడగలేదు. మొక్క జానెడు పొడవు ఉంటే బలంగా ఉందని సంతోషించాను.

చెలక నేల (జనగామ), అక్టోబరు 6

క్యారెట్ గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే హసన్‌పర్తి చుట్టూ ఉన్నది మా వంటి ఎర్ర చెలకే. క్యారెట్ నారు పోసి నాటే పంట కాదు, నేరుగా విత్తాలి. అడుగు లోతు గుల్ల చేసి రాళ్లు ఏరాలి. పెంట ఎరువు పచ్చిగా వేస్తే గడ్డ రెండు మూడు కాళ్లుగా చీలుతుంది, అందుకని ముందు పంటకు వేసిన ఎరువు మీదనే క్యారెట్ విత్తుకోవడం ఉత్తమం. గింజ మొలవడానికి పది నుంచి పదిహేను రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పైపొర ఒక్క పూట ఆరినా మొలక చస్తుంది. నేను తడిపిన గోనెసంచి పరిచి, రోజూ సాయంత్రం ఒక మూల ఎత్తి చూస్తాను. పలుచన చేయడానికి చాలామందికి మనసొప్పదు గాని, గడ్డకూ గడ్డకూ రెండంగుళాలు లేకపోతే మిగిలేది వేళ్లే.

బీట్‌రూట్‌లో గింజ అని మనం అనుకునేది నిజానికి రెండు నుంచి ఆరు విత్తనాలున్న గుత్తి. రాత్రంతా నానబెట్టి విత్తినా ఒక్కొక్క చోట మూడు నాలుగు లేస్తాయి, బలమైనదొక్కటి ఉంచాలి. ముల్లంగి 45 రోజుల్లో చేతికి వస్తుంది, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

ఇక ఇంకో ముఖ్య విషయం, నీళ్లు. మీ బోరు నీళ్లు బిందె అడుగున తెల్లగా పేరుకుంటాయా? అలాగైతే పాలీహౌస్‌లో ఉప్పు సమస్య బయటి కంటే ఎక్కువ. బయటి మడిలో వానాకాలం వాన ఆ ఉప్పును కిందికి కడిగేస్తుంది, షీటు కింద వాన పడదు కనుక ఏటికేడు పైనే మిగిలిపోతుంది. క్యారెట్, బీన్స్, ఉల్లి ఉప్పును అసలు ఓర్వవు. బీట్‌రూట్, పాలకూర చాలావరకు తట్టుకుంటాయి. నిరుడు మీ క్యారెట్ ఎలా వచ్చిందో రాయలేదు.

హసన్‌పర్తి పెరడు, అక్టోబరు 6

రాయదగినంత రాలేదు కనుక రాయలేదు. మా బిందె అడుగు సున్నం కొట్టినట్టే ఉంటుంది.

మానుకోట మిర్చి (మహబూబాబాద్), అక్టోబరు 8

దోమతెర బిగించే వారికి ఒక హెచ్చరిక. 40 మెష్ తెర తెల్లదోమను, రెక్కల పురుగును చాలావరకు ఆపుతుంది గాని తామర పురుగును ఆపదు, అది అంతకంటే సన్నం. 2021లో మా వైపు మిర్చి పూతను ముంచిన నల్ల తామర పురుగును కళ్లారా చూసినవాణ్ని కనుక చెబుతున్నాను. హసన్‌పర్తి చుట్టూ పత్తి చేలు ఉంటాయి. డిసెంబరు, జనవరిలో పత్తి కట్టె పీకేటప్పుడు అందులోని తెల్లదోమ, తామర పురుగు అంతా పచ్చగా కనిపించే మీ పాలీహౌస్ మీదికే వస్తుంది. ఆ వారం పది రోజులు తలుపు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. వీలైతే రెండు తలుపులు, మధ్యలో మనిషి నిలబడేంత చోటు ఉంచితే మంచిది. లోపల మొక్కల తలల ఎత్తులో పసుపు, నీలి జిగురు అట్టలు కట్టండి. తెల్లదోమ పసుపుకు, తామర పురుగు నీలానికి వస్తాయి. అట్టలు పురుగును నిర్మూలిస్తాయని కాదు, వచ్చిందన్న కబురు మీకు ముందుగా అందుతుంది.

క్యాబేజీ, గోబీలకు అసలు శత్రువు డైమండ్ బ్యాక్ పురుగు. ఆకు అడుగున లేత పచ్చని చిన్న పురుగు కనిపిస్తే వేలితో తాకండి. మెలికలు తిరుగుతూ దారం వదిలి వేలాడితే అదే. ఆకు పైపొర మాత్రం మిగిల్చి అడుగు గీకి తింటుంది, ఎండకు ఎత్తి చూస్తే అద్దపు బిళ్లలు అతికించినట్టు ఉంటుంది. పొలంలో అయితే 25 సాళ్ల క్యాబేజీకి రెండు సాళ్లు ఆవాలు ఎర పంటగా వేస్తాము, తల్లి పురుగు ఆవ మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. మీకు తెర లోపల కాకుండా బయట చుట్టూ ఆవాలు చల్లుకుంటే చాలు, అదీ క్యాబేజీ నాటడానికి పదిహేను రోజుల ముందు. అయినా లోపలికి వస్తే 5 శాతం వేప గింజల కషాయం, అంటే పది లీటర్ల నీటికి అర కిలో గింజల పొడి రాత్రంతా నానబెట్టి వడగట్టి, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఇంట్లో తినే పంట కనుక అంతకు మించి వెళ్లవద్దని నా అభిప్రాయం.

హసన్‌పర్తి పెరడు, అక్టోబరు 19

పక్క షీట్లు తీసి తెరలు బిగించాము, త్రికోణాలు కూడా. నిన్న మధ్యాహ్నం లోపల 34, బయట 32. ఇది చూసి ఇంటావిడ మొదటిసారి లోపల కుర్చీ వేసుకొని కూర్చుంది. అయితే కొత్త చిక్కు వచ్చింది. మా వీధి కోతులు షీటు కప్పును జారుడుబండ చేసుకున్నాయి. పైనుంచి జారి కింద దోమతెర పట్టుకొని ఆగుతాయి. రెండు చోట్ల తెర చిరిగింది.

చెలక నేల, అక్టోబరు 20

కోతికి తెర చిన్న ఆటవస్తువు. తెరకు బయట అర అడుగు ఎడంగా ఇనుప జాలీ బిగించడం తప్ప నాకు తెలిసి శాశ్వత ఉపాయం లేదు. పులి బొమ్మలు, టపాకాయల తుపాకులు వారం పనిచేస్తాయి, తరువాత కోతులే వాటితో ఆడుకుంటాయి. పాలీహౌస్ ఖర్చు లెక్క వేసుకునేవాళ్లు మన దగ్గర జాలీ ఖర్చు మొదటే కలుపుకోవాలి. బయటి పెరట్లో ఏదీ మిగలని ఊళ్లలో ఈ కట్టడానికి విలువ చలి వల్ల కాదు, కోతి వల్ల.

కాజీపేట నారుమడి, అక్టోబరు 21

అక్కగారికి కుర్చీ దగ్గర ఒక మడిలో కొత్తిమీర చల్లించండి. ధనియాలను చెప్పుతో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేసి, నానబెట్టి చల్లితే ఎనిమిదో రోజుకు మొలుస్తుంది. పాలకూర, మెంతికూర, చుక్కకూర పది రోజులకొక మడి చొప్పున చల్లుకుంటే మార్చి దాకా తెగకుండా వస్తాయి. టమాటా పూతకు వచ్చాక పొద్దున పది గంటల ప్రాంతంలో కర్రలకు కట్టిన తీగలను మెల్లగా తట్టండి. తెర లోపల గాలి తక్కువ కాబట్టి పుప్పొడి రాలడానికి ఆ తట్టుడు అవసరం. దోస, బీర, సొర మాత్రం తెర లోపల పెట్టకండి, తేనెటీగ రాని చోట పిందె నిలవదు, లేదంటే రోజూ చేత్తో పూలు తాకించాలి.

హసన్‌పర్తి పెరడు, జనవరి 17

చాలా రోజులకు రాస్తున్నాను, క్షమించాలి. అక్టోబరు 6న నారు పోసి, 31న నాటిన గోబీ 48 మొక్కల్లో 41 పువ్వు కట్టాయి. పువ్వు గుప్పెడంత ఉన్నప్పుడు చుట్టూ ఆకులను పైకి లాగి అరటి నారతో కట్టాను, పువ్వు పాలలా తెల్లగా వచ్చింది. భోగి నాడు కోసినది తూకం వేస్తే 900 గ్రాములు. అయిదు మొక్కల్లో మాత్రం పువ్వు మీద గోధుమ రంగు మచ్చలు, కోస్తే కాడ లోపల బోలుగా ఉంది. ఇది ఏ తెగులు?

క్యాబేజీకి డైమండ్ పురుగు రెండుసార్లు వచ్చింది, కషాయంతో పోయింది. టమాటా ఇంకా కాస్తూనే ఉంది. క్యారెట్ ఈ ఏడు డాబా మీది వాన నీళ్లు పట్టిన సంపు నుంచి పెట్టాను, చూపుడు వేలి కంటే లావు వచ్చింది. మొన్న రెండు రాత్రులు 11 డిగ్రీలకు దిగినప్పుడు పక్కలు మూయాలని మనసు లాగింది గాని ఆగాను. ఏ మొక్కకూ ఏమీ కాలేదు.

పొలాస దారి, జనవరి 17

అది తెగులు కాదు, బోరాన్ లోపం. కాడ బోలు కావడం, పువ్వు గోధుమ రంగుకు తిరగడం రెండూ దాని గుర్తులే. చెలక నేలల్లో తరచుగా వస్తుంది. ఈ పంటకు ఇక చేయగలిగింది తక్కువ. వచ్చే ఏడు నాటిన నెల రోజులకు ఒకసారి, పువ్వు కట్టే ముందొకసారి లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి ఆకుల మీద కొట్టండి. ఎక్కువైతే బోరానే విషమవుతుంది కనుక చెంచాతో అంచనా వేయకుండా తూకం వేయండి.

హసన్‌పర్తి పెరడు, జనవరి 18

ధన్యవాదాలు. గోబీ తీసేశాక ఖాళీ అయ్యే సగం చోటును ఫిబ్రవరి నుంచి ఎలా వాడుకోవాలి? మూసి పెట్టి దసరాకు మళ్లీ తెరవడమేనా?

చెలక నేల, జనవరి 18

ఫిబ్రవరి రెండో పక్షంలో పైన 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) వేయండి. దాని కింద కొత్తిమీర, పాలకూర, తోటకూర ఏప్రిల్ దాకా వస్తాయి. బయట కొత్తిమీర పువ్వుకు వచ్చి ధర పెరిగే రోజులు అవే. చలికాలంలో క్యాబేజీ అందరి పెరట్లోనూ ఉంటుంది, మార్చి, ఏప్రిల్ కొత్తిమీర ఎవరి దగ్గరా ఉండదు. ఏప్రిల్ నెలాఖరుకు అన్నీ పీకేసి, మడులు తడిపి, పలుచని పారదర్శక షీటు నేలకు అంటేలా పరిచి అంచులు మట్టితో కప్పి ఆరు వారాలు వదిలేయండి. మన మే నెల ఎండకు ఆ షీటు కింద నులిపురుగు, తెగులు బీజాలు, కలుపు గింజలు చాలావరకు మాడిపోతాయి.

పైకప్పు షీటు ఏప్రిల్, మే గాలిదుమారాలకు చిరగకుండా తాళ్లు బిగించి చూసుకోండి. మృగశిర కార్తె రాగానే నేల మీది షీటుతో పాటు పైకప్పునూ ఒక వైపు విప్పి చుట్టేయండి. జూన్, జూలై వానలు నేరుగా మడుల మీద పడితే మీ బోరు నీళ్ల ఉప్పు కిందికి దిగుతుంది. మళ్లీ షీటు కప్పేది ఆగస్టు చివర, నారు పోసే ముందు.

హసన్‌పర్తి పెరడు, జనవరి 18

పైకప్పు విప్పాలంటే ముందు కోతులను దించాలి. ఇనుప జాలీ వారం క్రితమే వేయించాను, అవి ఇప్పుడు దాని మీదుగా మరింత సులువుగా కప్పు ఎక్కుతున్నాయి.